అక్షరానికి రెండు పెన్నీలు

దొరసాని పంపిన కాగితంలో
నూట తొంభై మూడు అక్షరాలు.
లెక్కపెట్టింది నా కొడుకు, వాడు బడికి పోయినవాడు.
నేను చెక్కుతూ చెక్కుతూ చదవడం నేర్చుకున్నాను,
అందుకే నాకు ముందుగా వచ్చిన మాటలన్నీ చావు మాటలే.

సర్ గెర్వాస్ థాకర్లీ.
ఆరువేల ఎకరాలు, ముప్పై ఒక్క ఏళ్ల పార్లమెంటు.
అన్నేళ్లలో ఆయన లేచి మాట్లాడింది నాలుగుసార్లట,
అందులో ఒకసారి కిటికీ మూయమని.
ఈ మాట ఆయనే చెప్పి నవ్వేవాడు,
వేట నుంచి వస్తూ మా రాళ్ల దొడ్డి ముందు గుర్రం ఆపి.
నవ్వితే మంచివాడిలాగే ఉండేవాడు.

మంచివాడు కాదని నేననను.
నా చెల్లెలికి విషజ్వరం వచ్చిన చలికాలం
హాలు నుంచి బొగ్గు వచ్చింది, మాంసం చారు వచ్చింది.
ఒకరోజు తనే వచ్చాడు.
టోపీ తీసి లోపలికి వంగబోతే
మా దూలం ఆయన నుదుటికి గట్టిగా తగిలింది.
చెల్లెలు ఆ జ్వరంలోనూ కిసుక్కుమంది.

రొట్టె ధర దిగకూడదని
లండన్‌లో ఓటేసినవాడూ ఆయనే.

ఆ మరుసటి ఏడు ఎన్నికలు.
అప్పుడు ఓటంటే గుట్టు కాదు,
చెక్క మెట్లెక్కి నలుగురిలో నోరు తెరిచి పేరు చెప్పాలి.
కింద దివాను స్క్రిమ్‌షా, మోకాలి మీద పుస్తకం.
మా నాన్న మెట్లెక్కి, గొంతు సవరించుకుని,
"ఆల్డస్ ప్రిమ్" అన్నాడు.
అవతలివాడి పేరు.
దివాను తలెత్తకుండానే అడిగాడు:
"మా చారు తాగిన నోటితోనే?"

మార్చి నెలాఖరుకి పొలం ఖాళీ చేశాం.
దొరకి తెలుసో తెలీదో.
తెలియకుండా ఉండడానికే కదా
దివానుకి జీతమిచ్చేది.
నాన్న రాతిగనిలో చేరాడు. ఆయన వెనకే నేను.

తర్వాత చాలా ఏళ్లకి పెట్టె వచ్చింది.
చీటీ, పెన్సిలు, ఒక అడ్డు తెర.
ఇరవై రెండు ఓట్లతో దొర ఓడిపోయాడు.
నా గీత ఎటు గీశానో చెప్పను,
చెప్పనక్కర్లేదనే కదా ఆ పెట్టె.

ఆ వారమే వచ్చాడు, గుర్రం లేకుండా, ముసలి కుక్కతో.
రాళ్ల మధ్య తిరిగాడు. ఒకదాన్ని వేలితో తడిమాడు.
"అక్షరానికి ఎంత, జాబెజ్?"
"రెండు పెన్నీలండీ."
"పేరు, రెండు తేదీలు. అంతకు మించి వద్దు.
నేను మాట్లాడే మనిషిని కాదని నీకు తెలుసుగా."
ఇంకేదో అడగబోయి కుక్కని పిలిచాడు.

ఆ మాట దొరసానికి చెప్పాను.
ఆవిడ దుఃఖంలో ఉంది, వినలేదు.
నూట తొంభై మూడు. ప్రజల మిత్రుడు, పేదల అండ,
గౌరవనీయ సభ్యుడు.
నాకేం, ముప్పై రెండు షిల్లింగుల పైమాటే.

మూడోరోజు, 'గౌరవనీయ' దగ్గర,
సున్నాలా ఉండే ఆ రెండో అక్షరంలో
ఉలి కింద ఏదో గరగరలాడింది.
గవ్వ. బొటనవేలి గోరంత, గీతలు గీతలుగా.
మా గని రాయిలో ఇవి మామూలే.
ఈ నేలంతా ఒకప్పుడు సముద్రమని
చర్చి ఫాదరు కూడా ఒప్పుకుంటాడు, గొంతు తగ్గించి.
ఎవరి పట్టా లేని నీళ్లు, ఎవరికీ కౌలు కట్టని గవ్వ.

సున్నంతో పూడ్చేయమని దొరసాని కబురు.
సున్నం కలిపాను.
పక్కన పెట్టి అన్నం తినడానికి వెళ్లాను.
వచ్చేసరికి గట్టిపడిపోయింది.

మళ్లీ కలపాలి.
కొడుకు అడుగుతున్నాడు,
గవ్వకి కూడా రెండు పెన్నీలు వేయాలా అని.